ఇన్‌యాక్టివ్‌లో ఉన్న ఎల్‌పీసీసీని మళ్లీ యాక్టివ్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నాకు కాలిఫోర్నియాలో మానసిక కౌన్సెలింగ్ చేసే ఎల్‌పీసీసీ లైసెన్స్ ఉంది. నాన్నగారికి పక్షవాతం వచ్చాక ఫ్రీమాంట్‌లో ఉద్యోగం మానేసి రాజమండ్రి వచ్చేశాను. అప్పుడే లైసెన్స్‌ని ఇన్‌యాక్టివ్‌లో పెట్టి, గడువు వచ్చినప్పుడు ఇన్‌యాక్టివ్‌గానే రెన్యూ చేశాను. ఇప్పుడు తమ్ముడు ఇక్కడికి మారాడు, నేను తిరిగి వెళ్లొచ్చు. మళ్లీ యాక్టివ్ చేయించుకోవాలంటే కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ (లైసెన్స్ ఉన్నవాళ్లు చేయాల్సిన కోర్సులు) 18 గంటలు అని కొందరు, 36 అని కొందరు అంటున్నారు. పరీక్ష కూడా మళ్లీ రాయాలా? లైసెన్స్ కోసం రాసిన ఆ ఎన్‌సీఎంహెచ్‌సీఈ పరీక్ష తలుచుకుంటేనే టెన్షన్.

శాన్‌రామన్_అక్క:
పరీక్ష అక్కర్లేదమ్మా, ముందు ఆ బెంగ వదిలెయ్. ఇన్‌యాక్టివ్ అంటే లైసెన్స్ బతికే ఉంది, ప్రాక్టీస్ మాత్రం చేయకూడదు, అంతే. రెండేళ్లకోసారి సగం ఫీజు కట్టావు కదా, యాక్టివ్ చేయించుకునేటప్పుడు మిగతా సగం కట్టాలి.

18, 36 రెండూ నిజమే. లైసెన్స్ మీద ఉన్న గడువు తేదీ చూడు. యాక్టివ్ చేయమని అడిగిన రోజు నుంచి ఆ తేదీకి ఏడాది కంటే తక్కువ ఉంటే 18 గంటలు, ఎక్కువ ఉంటే 36. అందుకే అప్లికేషన్ ఏ నెలలో పెడతావన్నది ముఖ్యం. నాకు గడువు ఏడాదికి పైనే ఉండగా క్లినిక్ వాళ్లు వెంటనే రమ్మన్నారు, 36 చేయక తప్పలేదు. నీకు అంత తొందర లేకపోతే క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చో. అయితే 18తో యాక్టివ్ అయ్యాక, వెంటనే వచ్చే రెన్యువల్‌కి ఎన్ని గంటలు చూపించాలో లైసెన్స్ ఇచ్చిన కాలిఫోర్నియా బోర్డుకి ఈమెయిల్ రాసి జవాబు దాచుకో. ఫోన్లో చెప్పింది రేపు ఎవరూ ఒప్పుకోరు.

గంటలన్నీ రీయాక్టివేషన్‌కి ముందు రెండేళ్లలో చేసినవై ఉండాలి. లా అండ్ ఎథిక్స్ 6 గంటలు మర్చిపోకు.

బద్ధకిష్టు:
ఇంత తతంగం దేనికండీ? ఎలాగూ ప్రాక్టీస్ చేయనప్పుడు సగం ఫీజు కూడా దండగే. వదిలేసి, వెళ్లాక లేట్ ఫీజు కడితే పోలా?

శాన్‌రామన్_అక్క:
మూడేళ్లలోపు అయితే అలా కుదురుతుంది బాబూ. గడువు దాటి మూడేళ్లు రెన్యూ చేయకపోతే లైసెన్స్ క్యాన్సిల్. తర్వాత కొత్త అభ్యర్థిలా మళ్లీ మొదటి నుంచి అప్లై చేయాలి, అప్పటి నిబంధనల ప్రకారం. అప్పుడు రాయాలి పరీక్షలు! ఊళ్లో అమ్మానాన్నల పని ఎన్నాళ్లు పడుతుందో ఎవరు చెప్పగలరు? ఆ సగం ఫీజు దండగ కాదు.

డాలస్_కౌన్సెలర్:
ఇది కాలిఫోర్నియా సంగతి. టెక్సస్‌లో ఎల్‌పీసీ (ఇక్కడి కౌన్సెలర్ లైసెన్స్) ఉన్నవాళ్లు ఇది చదివి అదే లెక్క వేసుకోకండి. మాకు 2020 సెప్టెంబరు నుంచి బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ కింద నడుస్తోంది. ఇన్‌యాక్టివ్ రెండేళ్ల చొప్పున ఇస్తారు, ఫీజు కట్టి పొడిగించుకోవచ్చు. నాలుగేళ్లు, ఆపైన ఇన్‌యాక్టివ్‌లో ఉంటే మాత్రం జూరిస్‌ప్రూడెన్స్ పరీక్ష (చట్టం, నిబంధనల మీద) పాస్ కావాలి. మన మీద కంప్లయింట్ పెండింగ్‌లో ఉంటే ఇన్‌యాక్టివ్‌లోకి వెళ్లనివ్వరు.

గోదారిగట్టు:
థాంక్స్ అక్కా, సగం బరువు దిగింది. ఇంకో మాట. పాత క్లయింట్ ఒకావిడ మెసేజ్ పెడుతున్నారు, జూమ్‌లో నెలకోసారి మాట్లాడమని. డబ్బు తీసుకోకుండా ఇక్కడి నుంచి మాట్లాడితే తప్పా?

శాన్‌రామన్_అక్క:
వద్దు. ఆవిడ కాలిఫోర్నియాలో కూర్చుని ఉంటే నువ్వు రాజమండ్రిలో ఉన్నా అది కాలిఫోర్నియా ప్రాక్టీసే. డబ్బు తీసుకోనంత మాత్రాన కౌన్సెలింగ్ కాకుండా పోదు. రీయాక్టివేషన్ అడిగే టైమ్‌లో ఇలాంటిది బయటపడితే అసలుకే మోసం. ఆవిడకి వేరే థెరపిస్టుని చూసిపెట్టు. పాత ఫైళ్లు కూడా జాగ్రత్త, చికిత్స ముగిశాక కనీసం ఏడేళ్లు ఉంచాలి, మైనర్లవైతే వాళ్లకి 18 నిండాక ఏడేళ్లు.

కూకట్‌పల్లి_సైకాలజీ:
నేను హైదరాబాద్‌లో ఉంటూ ఇలాగే రీయాక్టివేషన్ చేయించుకున్నాను కాబట్టి చెప్తున్నా. ఇక్కడ చేసిన వర్క్‌షాపుల సర్టిఫికెట్లు పనికిరావు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) వాళ్ల సీఆర్‌ఈ కోర్సుల పాయింట్లు అసలే కాదు, అవి ఇక్కడి క్లినికల్ సైకాలజిస్టుల రిజిస్ట్రేషన్ కోసం. కోర్సు ఇచ్చేవాళ్లకి ఎన్‌బీసీసీ, ఏపీఏ, కాల్‌పీసీసీ లాంటి అమెరికా కౌన్సెలింగ్, సైకాలజీ సంస్థల ఆమోదం ఉండాలి. ఆన్‌లైన్ కోర్సులు చెల్లుతాయి, అన్నీ ఇంట్లోనే చేసుకోవచ్చు. సర్టిఫికెట్ రాగానే మీ పేరు, కోర్సు పేరు, తేదీ, గంటలు, ఆమోదం నంబరు ఉన్నాయో లేదో చూసుకుని సేవ్ చేయండి. నాకు ఒక కోర్సువాళ్లు పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఇచ్చారు, మార్పించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకా రెండు ఒక్కసారి చేసే కోర్సులున్నాయి. సూసైడ్ రిస్క్ మీద 6 గంటలు, 2021 నుంచి. టెలీహెల్త్ (ఫోన్, వీడియో ద్వారా చికిత్స) మీద 3 గంటలు, 2023 జులై నుంచి. మీరు ఇన్‌యాక్టివ్‌లో ఉన్నప్పుడు వచ్చిన రూల్ అయితే రీయాక్టివేషన్‌లో అడుగుతారు.

బద్ధకిష్టు:
అసలు కష్టం లైసెన్స్ వచ్చాకే కదా? మా ఆవిడది యాక్టివ్ అయినా ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ప్యానెల్‌లోకి (వాళ్లు డబ్బు చెల్లించే థెరపిస్టుల జాబితా) తిరిగి తీసుకోవడానికి నెలల తరబడి తిప్పింది. పంపిన కాగితమే మళ్లీ పంపమంటారు. అంతవరకూ చేతి డబ్బు ఇచ్చే క్లయింట్లే.

డాలస్_కౌన్సెలర్:
అది నిజం. ఇన్సూరెన్స్ కంపెనీలు మన వివరాలు చూసుకునే సీఏక్యూహెచ్ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్‌ని 120 రోజులకోసారి అటెస్ట్ చేస్తూ (అన్నీ సరైనవేనని ధృవీకరిస్తూ) ఉండాలి, ఊరెళ్లినప్పుడు అందరం మర్చిపోయేది ఇదే. ముందు అది సరిచేయించుకుని అప్పుడు ప్యానెళ్లకి అప్లై చేయండి. మాల్‌ప్రాక్టీస్ పాలసీ (క్లయింట్లు దావా వేస్తే కాచే ఇన్సూరెన్స్) కూడా చూసుకోండి. క్లెయిమ్స్-మేడ్ రకమైతే (పాలసీ నడుస్తుండగా వచ్చిన క్లెయిమ్‌కే వర్తించేది), ఆపేసినప్పుడు తర్వాత వచ్చే క్లెయిమ్‌ల కోసం టెయిల్ కవరేజ్ తీసుకున్నారా లేదా అన్నది ముఖ్యం.

గోదారిగట్టు:
పాత మెయిళ్లు వెతికాను. సూసైడ్ రిస్క్ సర్టిఫికెట్ దొరికింది, వచ్చే ముందే చేశానట. టెలీహెల్త్ 3 గంటలది లేదు, ఈ వారం మొదలుపెడతా. గడువుకి ఇంకా ఏడాది పైనే ఉంది, రెండు నెలలు ఆగితే ఏడాది లోపుకి వస్తుంది. టికెట్ ఎలాగూ సంక్రాంతి తర్వాతే. అక్కా, బోర్డుకి రాయబోయే ఈమెయిల్ ఇక్కడ పెడితే ఒకసారి చూస్తావా?

శాన్‌రామన్_అక్క:
పెట్టు. లైసెన్స్ నంబరు మాత్రం తీసేసి పెట్టు. అడ్రస్ మారిన 30 రోజుల్లోపు బోర్డుకి చెప్పాలి, చెప్పకపోతే ముందు అది అప్‌డేట్ చెయ్.