వంటకీ వేడినీళ్ళకీ గ్యాసా, కరెంటా?

కొత్తగడప: ఇల్లు కడుతున్నాం. గ్యాస్ పూర్తిగా మానేసి వంటకి ఇండక్షన్, స్నానానికి కరెంటు గీజర్ పెట్టుకోవచ్చా? బిల్లు వాచిపోతుందని భయపెడుతున్నారు.

మీటరులెక్క: భయమెందుకండీ, లెక్కేస్తే సరి. లీటరు నీళ్ళని 25 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 314 కిలోజౌళ్ళు కావాలి. ఇండక్షన్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే సుమారు 0.1 యూనిట్. గ్యాస్ పొయ్యి మీద దాదాపు సగం వేడి గిన్నె పక్కల నుంచి గాల్లో కలుస్తుంది, కాబట్టి 14 గ్రాముల ఎల్పీజీ. మీ యూనిట్ ధరని 0.1తో, కిలో గ్యాస్ ధరని 0.014తో గుణించి చూసుకోండి.

నీలిమంట: నీళ్ళు మరిగించడమే వంటైతే మీరే గెలిచారు! చాలా చవక ఇండక్షన్ స్టవ్‌లలో 300 వాట్లు నొక్కితే నిజంగా 300 రాదు. 1000 వాట్లు కొన్ని సెకన్లు వచ్చి, ఆగి, మళ్ళీ వస్తాయి. సగటున 300, అంతే. పల్చటి గిన్నెలో పాలు అడుగంటేది అందుకే. పైగా అడుగు చదునుగా ఉండాలి, అయస్కాంతం గట్టిగా పట్టుకోవాలి. మంట దగ్గర ఈ పేచీలేం లేవు.

తీగలపని: మీ ఇద్దరూ వైరింగ్ సంగతి వదిలేశారు. 2000 వాట్ల స్టవ్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్లో పెడితే ముందు పిన్ను వేడెక్కుతుంది, తర్వాత సాకెట్ కన్నం చుట్టూ గోధుమరంగు మరక పడుతుంది, ఆ పైన కరగడమే. 16 ఆంపియర్ల సాకెట్, మీటరు బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి పోవద్దు. స్టవ్ కింద ఫ్యాను దారి మూసుకుపోతే ఐజీబీటీ (లోపల కాయిల్‌కి కరెంటుని ఆపి వదిలే ట్రాన్సిస్టర్) కాలిపోతుంది. గోడలు పూయకముందే ఈ తీగ లాగించేయండి.

నీలిమంట: సరే, గీజర్ మాటేమిటి? గ్యాస్ మండించి తీసిన కరెంటైతే సగం వేడి ప్లాంటులోనే పోయింది. ఆ గ్యాసేదో ఇంట్లో మండిస్తే నయం కదా?

మీటరులెక్క: మామూలు కాయిల్ గీజరైతే మీ మాటే నిజం. చుట్టూ గాలిలోని వేడిని లాగి నీళ్ళకిచ్చే హీట్ పంప్ గీజరైతే ఒక యూనిట్ తీసుకుని దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, అక్కడ తిరగబడుతుంది. కాకపోతే నిదానం, చోటూ ఎక్కువే. 15 లీటర్ల కాయిల్ గీజర్ 30 డిగ్రీలు పెంచడానికి 2000 వాట్లతో పావుగంట పైచిలుకు, అరయూనిట్ పైన పడుతుంది.

తీగలపని: గ్యాస్ గీజర్ పెడితే మాత్రం బాత్రూం లోపల వద్దే వద్దు. తలుపు మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసనుండదు, మనిషి కూలిపోయేదాకా తెలియదు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందిగా అనుకోకండి. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే అదే పొగని గొట్టంలోంచి వెనక్కి లాగుతుంది.

నీలిమంట: ఆ మాటకి ఎదురు లేదు. కరెంటు పోయినప్పటికి ఒక్క బర్నరైనా ఉంచుకోమంటాను. గొట్టం అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి చూడండి. బుడగలొస్తే రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. స్విచ్ వేయొద్దు, వేసి ఉన్నది ఆర్పొద్దు.