కర్నూల్లో గోడౌన్‌ను ఇల్లు చేసిన లాఫ్ట్ ఫ్లాట్లు: చూడ్డానికి పోతే ఏమేం చూసుకోవాలి?

హంద్రీ ఒడ్డు:
అన్నలకు, అక్కలకు నమస్తే. పాత గోడౌన్ల లోపల ఇనప అంతస్తు వేసి, ఇళ్లుగా మార్చి అమ్ముతున్నారు. లాఫ్ట్ అంటే మనకు వంటింట్లో సామాన్లు పెట్టే అటకే. వీళ్లు చెప్పేది ఎత్తైన హాలు, పైన పడక ఉండే ఇల్లు. ఈ ఆదివారం మూడు చూడాలి: వన్ టౌన్‌లో రాతి గోడల పాత మండీ, మార్కెట్ యార్డు దగ్గర రేకుల గోడౌన్, కల్లూరు ఎస్టేట్‌లో ఒక షెడ్డు. ఎత్తు 14 నుంచి 16 అడుగులంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. ఏం కొలవాలి, ఏం అడగాలి?

బేతంచర్ల బండ:
అన్నా, టేపు, టార్చి, చిన్న సుత్తి, ఒక గ్లాసు తీసుకుపోండి.

ముందు ఎత్తు తేల్చుకోండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం లోపల వేసిన మధ్య అంతస్తుకు (మెజనైన్) కనీసం 2.2 మీటర్ల ఎత్తు ఉండాలి, అంటే దాదాపు 7 అడుగుల 3 అంగుళాలు. దాని కింద మనుషులుండే గది పెడితే 2.75 మీటర్లు, అంటే 9 అడుగులు. ఇనప దూలం, ప్లేటు కలిపి అర అడుగు వేసుకున్నా 16 అడుగుల 9 అంగుళాలవుతుంది. కాబట్టి 14 అడుగులే కాదు, 16 అడుగుల హాల్లో కూడా లెక్క కుదరదు. కింద బాత్‌రూమ్, స్టోర్ పెడితే 7 అడుగులు చాలు, అప్పుడు 14 అడుగుల 9 అంగుళాల్లో సర్దుకుంటుంది. మధ్య అంతస్తు మీద వంటగది పెట్టకూడదు, దాన్ని ముక్కలుగా గదులు చెయ్యకూడదు, దాని వైశాల్యం కింది వైశాల్యంలో మూడో వంతు దాటకూడదు. 7 అడుగుల చిల్లర ఎత్తులో సీలింగ్ ఫ్యాను వేస్తే చెయ్యెత్తిన మనిషికి రెక్క తగులుతుంది. గోడ ఫ్యానుకు పాయింటు ఉందేమో చూడండి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఐ సెక్షన్, అంటే అంతస్తును మోసే ఇనప దూలం, గోడలో కూర్చున్న చోటు. వన్ టౌన్ మండీలాంటి పాత గోడల్లో చాలావాటికి రెండు పక్కలా రాయి పేర్చి, మధ్యలో మన్ను, రాళ్ల ముక్కలు నింపుంటారు. అందులో కన్నం కొట్టి దూలాన్ని నేరుగా పెడితే బరువంతా లోపలి రాయి మీదే పడుతుంది. ఆ రాయి జారితే కన్నం కింద నుంచి ఏటవాలుగా చీలిక దిగుతుంది. కొత్తగా సున్నం పూసి ఉంటే టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వెయ్యండి, చీలిక నీడలా కనబడుతుంది. దూలం కింద కాంక్రీటు బెడ్ బ్లాకు ఉంటే కొంత నయం. నేల నుంచి సొంత పునాది, బేస్ ప్లేటుతో లేచిన స్తంభాల మీద అంతస్తు నిలబడితే గోడతో పనే లేదు, అదే మేలు. తర్వాత గ్లాసు నిండా నీళ్లు పోసి అంతస్తు నడిమధ్యన పెట్టి, రెండడుగుల దూరంలో మడమతో గట్టిగా కొట్టండి. నీళ్లు వణికి వెంటనే నిలిస్తే సరే. ఆగకుండా ఊగుతుంటే దూలం సన్నంగా ఉందనో, వాటి మధ్య దూరం ఎక్కువుందనో అర్థం.

పైకప్పు చెక్క దూలాలు, దంతెలు అయితే, గోడలోకి దిగిన కొసల దగ్గర సుత్తితో తట్టండి. చెదలు తిన్నది డొల్లగా మోగుతుంది.

రేకుల కింద నీడ:
రేకుల గోడౌన్‌కు మధ్యాహ్నం 3 గంటలకు పోండి. పొద్దున చూపిస్తామంటే ఒప్పుకోవద్దు. వేడిగాలి పైకే చేరుతుంది, పడక ఉండేదీ అక్కడే. రేకు కింద ఇన్సులేషన్ వేశారా, గోడ పైభాగాన గాలి బయటికి పోయే దారి ఉందా చూడండి. ఆస్‌బెస్టాస్ రేకైతే కోయడం, కన్నాలు పెట్టడం వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

గోడౌన్‌లో ఇదివరకు ఏం నిల్వ చేశారో తప్పక అడగండి. ఎరువుల బస్తాలు పెట్టిన గోడ ఉప్పు పీల్చుకుని ఉంటుంది. ఎన్నిసార్లు పూసినా వానాకాలంలో చెమ్మగిల్లి ప్లాస్టరు ఉబ్బుతుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. నూనె మిల్లైతే నేలలో నూనె ఇంకి టైల్స్ పట్టవు, పైపొర తవ్వాల్సిందే.

వన్ టౌన్ మండీ దగ్గర 2009 అక్టోబరు వరదలో నీళ్లు ఏ ఎత్తుకొచ్చాయో పక్కింటివాళ్లను అడగండి. మీటరు బోర్డు ఆ గీతకు పైనే ఉండాలి. యార్డు దగ్గరి ఇల్లు నచ్చితే ఉల్లి సీజన్లో తెల్లారుజామున ఇంకోసారి పోండి, లారీల మోత, వాసన అప్పుడే తెలిసేది.

హంద్రీ ఒడ్డు:
చాలా సంతోషం అన్నా. పై అంతస్తును కూడా చదరపు అడుగుల్లో కలిపి ధర చెప్తున్నారు. అది సరైనదేనా?

దస్తావేజు:
మంజూరైన ప్లానులో ఆ మధ్య అంతస్తు ఉంటేనే ఒప్పుకోండి. ప్లానులో లేనిదానికి డబ్బు కడితే రేపు బ్యాంకు విలువ కట్టదు, కార్పొరేషన్ నోటీసు మాత్రం మీ పేరునే వస్తుంది.

పాతబస్తీ ఆస్తికి ముందు 22ఎ నిషేధిత జాబితా చూడండి. వక్ఫ్, దేవాదాయ స్థలాలు అందులో ఉంటాయి, వాటికి రిజిస్ట్రేషన్ జరగదు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే కాగితం, 1983 నుంచి ఆన్‌లైన్లో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తీసుకోండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించమనండి. మీటరు ఇంకా కేటగిరీ 2లోనే ఉంటే కాగితాల్లో అది ఇప్పటికీ వ్యాపార స్థలమే. టౌన్ ప్లానింగ్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్లో ఉందో రాతపూర్వకంగా తీసుకోండి.

కల్లూరు షెడ్డు విషయంలో నాకు అనుమానంగా ఉంది. పరిశ్రమ కోసమని కేటాయించిన ప్లాటైతే అనుమతి లేకుండా కాపురం పెట్టడానికి లేదు. ఇలాంటి ఇళ్లకు పేరొచ్చిన న్యూయార్క్ సోహోలోనూ ఫ్యాక్టరీ అంతస్తుల్లో కాపురాలు మొదట చట్టవిరుద్ధమే. 1971లో కళాకారులకు మాత్రం అనుమతిచ్చారు. 1982లో లాఫ్ట్ చట్టం వచ్చాక కూడా అగ్నిప్రమాద భద్రత పనులు యజమాని పూర్తి చెయ్యాల్సిందే.

బేతంచర్ల బండ:
పెద్దవాళ్లున్నారన్నారు కాబట్టి మెట్లు కూడా కొలవండి. మెట్టు ఎత్తు ఏడున్నర అంగుళాలు దాటకూడదు, కాలు పెట్టే వెడల్పు 10 అంగుళాలకు తగ్గకూడదు. గుండ్రటి ఇనప మెట్లయితే బీరువా ఎక్కదు, జబ్బు చేసిన మనిషిని దించడం ఇంకా కష్టం. పిల్లల కోసం రెయిలింగ్ మీటరు ఎత్తు, కమ్మీల మధ్య 4 అంగుళాల లోపు ఉండాలి. అడ్డకమ్మీలైతే నిచ్చెనలా ఎక్కుతారు, నిలువు కమ్మీలే వేయించండి.

హంద్రీ ఒడ్డు:
కల్లూరు ఆయన్ను ముందు కేటాయింపు కాగితం వాట్సాప్‌లో పంపమంటాను. అది వచ్చాకే అక్కడికి పోతా. మిగతా రెండూ ఆదివారం 3 గంటలకే.