వెనుక ఇరుసు: 142తో సరిపెట్టుకోవాలా, 148 తీసుకోవాలా?

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. దేవమాలి కొండ వైపు రాళ్ల దారుల్లో మౌంటెన్ బైక్ తొక్కుతుంటాను. నా ఫ్రేము పాత పద్ధతిది: వెనుక చక్రం కూర్చునే చోటు వెడల్పు 135 మిల్లీమీటర్లు, క్విక్ రిలీజ్ (మీటతో బిగించే సన్నని ఇరుసు). దిగుడులో మలుపు తిరిగితే చాలు, చక్రం పక్కకు ఊగి డిస్కు బ్రేకు ప్యాడ్లకు రాసుకుంటోంది.

పాత ఫ్రేములు రెండు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి 12×142 (ఇరుసు మందం 12, వెడల్పు 142 మిల్లీమీటర్లు), రెండోది 12×148, బూస్ట్ అనే వెడల్పు రకం. 142 అంటే దాదాపు 135 హబ్బే (చక్రం నడిమి భాగం). ఫ్రేము గాడిలో కూర్చోవడానికి ఇరువైపులా మూడున్నర మిల్లీమీటర్లు పెంచారు. నా హబ్బుకు తగిన ఎండ్ క్యాపులు (హబ్బు చివర్ల తొడుగులు) దొరికితే పాత చక్రమే పనికొస్తుంది. 148లో హబ్బు అంచులు, డిస్కు బయటికి జరుగుతాయి. చువ్వలు వెడల్పుగా నిలబడి చక్రం గట్టిపడుతుంది, కాదనను. కానీ చైన్ లైను (చైను నడిచే వరుస) కూడా 3 మిల్లీమీటర్లు బయటికి పోతుంది కదా, ముందు పళ్ల చక్రమూ మార్చాలి. కొత్త కొలత వచ్చిన ప్రతిసారీ ఖాళీ అయ్యేది మన జేబే!

29 అంగుళాల చక్రంపై ఈ తేడా తొక్కేటప్పుడు నిజంగా తెలుస్తుందా? 148 ఫ్రేములో 142 హబ్బును అడాప్టరుతో, డిస్కు కింద స్పేసరు పెట్టి వాడినవారు ఉన్నారా? గట్టి బ్రేకులకు అది నిలుస్తుందా?

ఇంకొకటి. ఇరుసు మర గీతల మధ్య దూరం 1.0, 1.5, 1.75 మిల్లీమీటర్లు అని మూడు రకాలట. ఇక్కడ మామూలు సైకిళ్ల సామానే దొరుకుతుంది. విడి ఇరుసు విశాఖపట్నంలో దొరుకుతుందా, ఫ్రేముతోపాటే తెప్పించుకోవాలా?