ఎముకల పేర్లకు ఏ ఆన్‌లైన్ నిఘంటువుని నమ్మాలి? మీ అనుభవాలు చెప్పండి

చూళైమేడు_చిన్నది
అందరికీ నమస్తే. వింత ప్రశ్నే, కొంచెం ఓపిగ్గా చదవండి. ఇక్కడ చెన్నైలో మా పక్క ఫ్లాట్ అమ్మాయి తమిళ పిల్ల, పాత సమాధుల్లో దొరికిన మనుషుల ఎముకల మీద యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. వచ్చే నెల చిత్తూరు వైపు తెలుగు ఊళ్ళకి వెళ్ళి అక్కడివాళ్ళతో మాట్లాడాలట. వాళ్ళ చేతికి ఇవ్వడానికి ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసుకుంది, తెలుగులో పెట్టివ్వవా అక్కా అంది. నేను బీకామ్. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చదవడం రాయడం అమ్మమ్మ నేర్పింది, అంతే. నాలుగు పేజీలే కదా అని ఒప్పుకున్నాను. ఇది మూడో రాత్రి, రెండో పేజీ దాటలేదు.

'టెంపొరల్ బోన్' అని ఉంది. ఒక ఆన్‌లైన్ నిఘంటువులో టెంపొరల్ అని కొడితే మొట్టమొదట 'ఐహికమైన, లౌకికమైన' అని వచ్చింది. నేను సిగ్గు లేకుండా 'లౌకిక ఎముక' అని రాసేసి ముందుకెళ్ళాను. ఆ తర్వాత 'హ్యూమన్ రిమెయిన్స్'. ఒకచోట 'మానవ అవశేషాలు' అని, ఇంకోచోట 'అస్థికలు' అని చూపించింది. అస్థికలు చిన్న మాట, చెవికి బాగుంది అని అదే పెట్టి, మొదటి పేజీ నెల్లూరులో అమ్మమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. "మీ ఊరి దగ్గర దొరికిన అస్థికలు చెన్నైలో భద్రంగా ఉన్నాయి" అనే దగ్గర ఆపి, "ఎవరివే అవి? పోయి ఎన్నాళ్ళయింది? ఇంకా నీళ్ళలో కలపలేదా?" అంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఏ నిఘంటువు చూస్తారు, ఎలా సరిచూసుకుంటారు చెప్పండి.

పెరంబూరు_పంతులు
అమ్మాయీ, మీ అమ్మమ్మగారే మీకు దొరికిన మంచి నిఘంటువు, ముందు ఆవిడకి నమస్కారం. అస్థికలు అంటే మనకి దహనం అయ్యాక ఏరి తెచ్చే ఎముకలు, వాటి వెనక కర్మ ఉంది, కొడుకు ఉన్నాడు, నది ఉంది. రెండు మూడు వేల ఏళ్ళ నాటి సమాధిలోవి 'ఎముకలు' అంటే చాలు. పల్లెలో అయితే బొమికలు అన్నా అర్థమవుతుంది.

ఇక నిఘంటువుల సంగతి. తెలుగుకి ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో ఎక్కువ భాగం పాత పుస్తకాలే, తెర మీదకి ఎక్కాయి, అంతే తేడా. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఇదిగో మన మద్రాసులోనే 1852లో అచ్చయింది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు దక్షిణాసియా నిఘంటువులన్నీ ఒకచోట చేర్చిన సైటులో మీరు చూసేది మాత్రం 1903లో సవరించిన కూర్పు, ఆ సవరణలో కందుకూరి వీరేశలింగం గారి చెయ్యి కూడా ఉంది. అదే సైటులో గ్విన్ నిఘంటువు ఉంది, 1991ది, మాట్లాడే తెలుగుకి దగ్గరగా ఉంటుంది. ఆంధ్రభారతి సైటులో అయితే ఒక్క మాట కొడితే చాలా నిఘంటువులు వరసగా తెరుచుకుంటాయి, నేను రోజూ వాడేది అదే.

కానీ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, పాత వాటిలో మాటలు పాత వేషంలో ఉంటాయి. 'పంజరం' అని వెతికితే దొరక్కపోవచ్చు, 'పంజరము' అనాలి. పుర్రెని బండి ఱ తో 'పుఱ్ఱె' అని రాసేవాళ్ళు, ఆ సంగతి తెలియక మా అబ్బాయి తెలుగులో పుర్రెకి మాటే లేదని తేల్చేశాడు ఒకసారి. రెండు, బ్రౌన్ తిరిగింది సర్కారు కచేరీల్లో, పండితుల మధ్య, రైతుల మధ్య. బండికి, నాగలికి, నగలకి ఆయన దగ్గర బోలెడు మాటలు. కాలి కింద ఎముకకి శాస్త్రం పేరు ఆయన్ని అడిగితే పాపం. ఆ పేర్లు చాలావరకు తెలుగు మీడియం పాఠ్యపుస్తకాల వల్ల స్థిరపడ్డాయి. తెలుగు అకాడమీ 1968లో వచ్చింది, వాళ్ళ ఇంటర్ జంతుశాస్త్రం పుస్తకం ఎక్కడైనా పాతది దొరికితే కొని పెట్టుకోండి.

బోన్‌సెట్_తమ్ముడు
అక్కా నేను ఇక్కడ ఎంబీబీఎస్, పదో తరగతి దాకా తెలుగు మీడియం. లౌకిక ఎముక చదివి మెస్‌లో సాంబారు పొలమారింది. ఇక్కడ టెంపొరల్ అంటే టెంపుల్‌ది అని, ఆ టెంపుల్ అంటే గుడి కాదు, కణత! కణత ఎముక అని రాసెయ్. కళ్ళజోడు పిడి ఆనే చోటు, తలనొప్పి వస్తే జండూబామ్ రాసే చోటు.

దాని గురించి మీ ఫ్రెండ్ అంతగా ఎందుకు రాసిందో కూడా చెప్తా. కణత ఎముకలో లోచెవి చుట్టూ ఒక భాగం ఉంటుంది, పెట్రస్ అంటారు, అంటే రాయిలాంటిది అని. ఒంట్లో అంత గట్టి ఎముక ఇంకోటి ఉండదు. మిగతా అస్థిపంజరం పిండి అయిపోయినా అందులో డీఎన్ఏ మిగిలే అవకాశం ఉంటుంది, అందుకే పాత ఎముకల వాళ్ళు ముందు దాన్నే వెతుకుతారు.

పాఠ్యపుస్తకాన్ని కూడా గుడ్డిగా నమ్మకు అక్కా. ముంజేతిలో రెండు ఎముకలు, రత్ని, అరత్ని. బొటనవేలు వైపుది రత్ని, చిటికెనవేలు వైపుది అరత్ని. ఒక్క 'అ' తేడా. పైగా అరత్ని అని పాత నిఘంటువులో చూస్తే మూర అనే కొలత వస్తుంది! మోకాలి కింద అంతర్జంఘిక, బహిర్జంఘిక. ఇవి చదివి పరీక్ష రాశాను, ఈరోజుకీ మా నాన్నకి చెప్తే తెలీదు. నీ కాగితం ఊళ్ళోవాళ్ళకి కదా, 'మోకాలి కింద ముందువైపు లావు ఎముక' అని రాయి, ఒక లైను ఎక్కువైతే ఏం పోయింది.

మైలాపూర్_మౌనం
అట్లాస్ అని కూడా ఉందా అందులో? మెడలో మొదటి పూస పేరు అది. నేను ఒకసారి 'పటాల పుస్తకం విరిగింది' అని అనువాదం చేశాను. డబ్బులు కూడా ఇచ్చారు.

ఎగ్మూరు_గేటు
మౌనం గారూ 😂

నాది పురావస్తు శాస్త్రం ఎమ్మే, తెలుగు ఇంట్లో పుట్టి తమిళంలో చదువుకున్నదాన్ని. నాకు పడిన దెబ్బ వేరే, అది ఇంగ్లీషు వల్ల కాదు, పక్కింటి భాష వల్ల. ఎగ్మూరు మ్యూజియంలో ఆదిచ్చనల్లూరు వస్తువులు ఉన్నాయి కదా, తూత్తుకుడి దగ్గరిది, 1876లో జాగర్ అనే జర్మన్ ఆయన తవ్వాడు, తర్వాత అలెగ్జాండర్ రే. అక్కడ మనుషుల్ని పెద్ద పెద్ద మట్టి బానల్లో పెట్టి పూడ్చారు. తమిళంలో ఆ బానని ముదుమక్కళ్ తాళి అంటారు. మా అత్తగారిని తీసుకెళ్ళి ఇదిగో అత్తయ్యా ఇది తాళి, ఇందులో శవాన్ని పెట్టేవాళ్ళు అన్నాను. ఆవిడ చెయ్యి చటుక్కున మెడ మీదకి వెళ్ళింది. తమిళంలో రెండూ వేరు, మెడలోది 'ల', బానది నాలుక మడిచి పలికే ఆ 'ళ', మద్రాసు విశ్వవిద్యాలయం తమిళ లెక్సికన్ ఆన్‌లైన్‌లో చూస్తే రెండూ వేరు వేరు మాటలుగా ఉంటాయి. మన లిపిలోకి తెచ్చేసరికి రెండూ తాళే. చిత్తూరు వైపు వాళ్ళకి తమిళం సగం వచ్చు కాబట్టి ఇంకా ప్రమాదం. మీ ఫ్రెండ్ తమిళమ్మాయి కదా, నోటితో చెప్పేటప్పుడు ఆ మాట రాకుండా చూసుకోమనండి. 'సమాధి బాన' అనండి.

ఇంకోటి. మెగాలిథిక్ అని ఉంటే 'బృహత్ శిలా' అని మొదలుపెట్టకండి. పెద్ద బండలు నిలబెట్టి కట్టిన ఆ సమాధుల్ని మన ఊళ్ళలో రాకాసి గుళ్ళు అంటారు. ఏ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులోనూ మెగాలిథ్ అని కొడితే నాకు ఆ మాట రాలేదు, ఊరికెళ్ళి వేలు పెట్టి చూపిస్తే మాత్రం ముసలాళ్ళు అదే అంటారు.

టీనగర్_తొందర
ఇంత గోల ఎందుకు? ఫోన్‌లో అనువాదం ఆప్ ఉంది, ఫొటో తీస్తే పేజీ పేజీ వచ్చేస్తుంది.

చూళైమేడు_చిన్నది
తీశాను అన్నా. పుర్రె మీద ఉండే అతుకుల గురించి ఒక పేరా ఉంది, ఇంగ్లీషులో ఆ అతుకులకీ డాక్టరు వేసే కుట్లకీ ఒకటే మాట, 'పుర్రెకు కుట్లు వేయడం వయసుతో మానిపోతుంది' అని ఇచ్చింది.

పదకోశం_పిచ్చి
నిఘంటువుల మీదే పరిశోధన చేస్తున్నాను కాబట్టి నా వంతు. చిన్నది గారూ, మీరు చేసిన తప్పు మీ ఒక్కరిదీ కాదు. జనం ఆన్‌లైన్ నిఘంటువులు నిజంగా ఎలా వాడతారని చూసినవాళ్ళు ఉన్నారు. కళ్ళు ఎటు కదులుతున్నాయో పట్టే యంత్రం ముందు కూర్చోబెట్టి కూడా చూశారు. ఒక మాట కింద అర్థాల వరస పొడుగ్గా ఉంటే చాలామంది పైనున్న అర్థం దగ్గరే ఆగిపోతారు. ఒక్కో అర్థం ముందు 'శరీరం', 'మతం', 'కాలం' అని చిన్న చీటీ లాంటి మాట పెడితే సరైనది దొరికే అవకాశం పెరుగుతుంది. మన తెలుగు వాటిలో ఆ చీటీలు దాదాపు లేవు. ఉంటే మీ టెంపొరల్ లౌకికం అయ్యేది కాదు.

దక్షిణాఫ్రికాలో సెసోతో స లెబోవా భాషకి ఇంగ్లీషుతో కలిపి ఒక ఆన్‌లైన్ నిఘంటువు పెట్టి, జనం ఏం వెతికారో ఆ చిట్టా చూస్తే, పలకరింపులు, మామూలు మాటలు, వాటితోపాటు బూతులు. మన దగ్గర చూసినా అంతే ఉంటుందని నా అనుమానం, తొడ ఎముక కోసం వచ్చేది మీరొక్కరే.

తెలుగుకి ఇంకో తంటా, మాట చివర అన్నీ అతుక్కుంటాయి. పుర్రెల్లోంచి, ఎముకలతోనేనా, పళ్ళవల్లే. ఇవి అలాగే కొడితే సున్నా ఫలితాలు. పళ్ళు అని కొట్టినా కొన్నిచోట్ల రాదు, పన్ను అనాలి. నేను చేసే పని ఇది: ఇంగ్లీషు నుంచి తెలుగు మాట దొరికాక దాన్ని తిప్పి తెలుగు–ఇంగ్లీషు దాంట్లో వెతుకుతాను. తిరిగి బయల్దేరిన చోటికే వస్తే సరే. 'లౌకిక' తిప్పి చూసి ఉంటే అందులో ఎక్కడా తల కనపడదు కదా.

పెరంబూరు_పంతులు
ఇది మంచి కిటుకు. నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాను, దీన్నీ పరిశోధన అంటారని ఇవాళే తెలిసింది.

బోన్‌సెట్_తమ్ముడు
అక్కా ఆ కాగితంలో మాటలే కాదు, మాట ఇవ్వడం కూడా చూడు. మీ ఫ్రెండ్ రాసిన ఇంగ్లీషులో 'మే', 'ప్రాబబ్లీ' అని ఉంటాయి, తెలుగులోకి వచ్చేసరికి అవి ఎగిరిపోతాయి. తుంటి ఎముక చూసి ఆడా మగా అనేది పెద్దవాళ్ళ విషయంలో బాగానే చెప్పొచ్చు, ఆడవాళ్ళకి ఆ ఎముక వెనక గంటు వెడల్పుగా ఉంటుంది. చిన్నపిల్లల ఎముకలైతే చూపుతో చెప్పడం కష్టం. తొడ ఎముక పొడుగు కొలిచి మనిషి ఎత్తు లెక్క కడతారు, దానికి బాగా వాడకంలో ఉన్న సూత్రాలు 1952లో ట్రాటర్, గ్లెజర్ అమెరికా వాళ్ళ ఎముకల మీద కట్టినవి, రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికులవి కూడా అందులో ఉన్నాయి. మనవాళ్ళకి అచ్చంగా అతకవు. కాబట్టి 'ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు' అని ఖచ్చితంగా రాయకు, 'సుమారు', 'అటూ ఇటుగా' వదలకు.

డీఎన్ఏ సంగతి మరీ. మన ఎండకి, తేమకి అది నిలవదు. హర్యానాలో రాఖీగఢీ అని సింధు నాగరికత నాటి ఊరు ఉంది, అక్కడి ఎముకల మీద 2019లో వచ్చిన పేపర్లో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్కటి, ఒక ఆడమనిషిది. 'డీఎన్ఏ తీసి మీ పూర్వీకులు ఎవరో చెప్తాం' అని ఆ ఊళ్ళో పంచితే తర్వాత ఫోన్లు మీ ఫ్రెండ్‌కి కాదు, నీకొస్తాయి.

ఎగ్మూరు_గేటు
తమ్ముడు చెప్పింది నిజం, దొరికినప్పుడు మాత్రం కథ మొత్తం తిరగబడుతుంది. హిమాలయాల్లో రూప్‌కుండ్ చెరువులో పుర్రెలు ఉన్నాయి కదా, అందరూ ఒకే తుఫానులో పోయారని కథలు చెప్పుకునేవాళ్ళు. హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు కూడా కలిసి 38 మంది డీఎన్ఏ చూస్తే, 23 మంది మన ఉపఖండం వాళ్ళు, 14 మంది తూర్పు మధ్యధరా వైపు వంశం, ఒకరు ఆగ్నేయాసియా. పైగా రెండు గుంపుల మధ్య వెయ్యేళ్ళ తేడా. తమిళనాడులో తవ్వకాలు జరిగిన కీళడి దగ్గర కొందగై అనే చోట దొరికిన పుర్రెలు రెండింటికి 2025లో లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ముఖాలు కట్టారు. ఆ బొమ్మలు వచ్చిన రోజు మా ఆఫీసులో, 'అచ్చం మా మామయ్యలా ఉన్నాడు' అని కనీసం నలుగురు అన్నారు. అందుకే 'నమూనా' అనే మాట ఒకటికి పదిసార్లు వాడకండి, ఒక్కచోటయినా 'ఆ మనిషి' అనండి. వినేవాళ్ళు వేరేగా వింటారు.

చూళైమేడు_చిన్నది
అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి కూర్చుని మళ్ళీ మొదటినుంచి రాశాను. ఇప్పుడు మొదలు ఇలా ఉంది: "మీ ఊరి దగ్గర రాకాసి గుళ్ళలో ఒక పెద్ద బానలో ఒక మనిషి ఎముకలు దొరికాయి. ఆ మనిషి ఆడమనిషి అయి ఉండవచ్చు. పళ్ళు బాగా అరిగి ఉన్నాయి కాబట్టి మరీ చిన్న వయసు కాదు." అమ్మమ్మకి వినిపించాను. ఈసారి ఎవరివే అని అడగలేదు. వాళ్ళ పుట్టింటి ఊళ్ళో కూడా రాకాసి గుళ్ళు ఉండేవట, చిన్నప్పుడు వానొస్తే మేకల్ని వాటికిందికి తోలేవాళ్ళట, ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. అరగంట చెప్పింది. పక్క ఫ్లాట్ పిల్లని పిలిచి స్పీకర్‌లో పెట్టాను, ఆ పిల్ల నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకుంది, మధ్యలో నేను తమిళంలోకి.

ఇంకొక్కటి. నాలుగో పేజీలో పుర్రె అతుకుల మధ్య 'వర్మియన్ బోన్స్' కనపడ్డాయని ఉంది. తిప్పి వెతకడానికి ఏ నిఘంటువులోనూ ఆ మాటే లేదు. వర్మ్ అంటే పురుగు కదా, పురుగు పట్టిన ఎముకలు అని రాశాను. సరిపోతుందా?

బోన్‌సెట్_తమ్ముడు
అయ్యో అక్కా వద్దు! పురుగు కాదు, అది మనిషి పేరు. ఓలె వర్మ్ అని 17వ శతాబ్దం డెన్మార్క్ డాక్టరు, ఆయన పేరు మీద పెట్టారు. పుర్రె అతుకుల మధ్య అదనంగా పుట్టే చిన్న చిన్న ఎముక ముక్కలు అవి, చాలామందికి ఉంటాయి, రోగం ఏం కాదు. 'అతుకుల మధ్య ఉండే చిట్టి ఎముకలు' అని మార్చు.

చూళైమేడు_చిన్నది
మారుస్తాను. అమ్మమ్మకి మాత్రం సాయంత్రమే చదివి వినిపించేశాను. పాపం ఆ తల్లికి పుర్రెలో పురుగులట అని ఇప్పటికే ఇద్దరు పిన్నులు ఫోన్ చేశారు.