ఐర్లండ్ కళాకారుల ప్రాథమిక ఆదాయం: లాటరీ తీసి భృతి ఇవ్వడం న్యాయమేనా?

గోదావరి గట్టు (ప్రశ్న):
ఐర్లండ్ ప్రభుత్వం 2022లో 2,000 మంది కళాకారులను ఎంపిక చేసి, వారానికి 325 యూరోల చొప్పున మూడేళ్ల పాటు ఇవ్వడానికి పూనుకున్నదని చదివాను. నాకు మింగుడుపడనిది ఒక్కటే. అర్హులు 8,000 మందికి పైగా తేలితే, వారిలో ఎవరి పని గొప్పదో, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగడం లేదో చూడకుండా లాటరీ తీశారట. పండగ సేల్‌లో లక్కీ డిప్ లాగా ప్రజాధనాన్ని పంచడాన్ని ఎలా సమర్థిస్తారు?

లిఫీ తీరం:
డబ్లిన్‌లో ఉంటున్నాను కనుక ఇక్కడి చర్చలు కొంత విన్నాను. అది ప్రయోగాత్మక పథకమండీ. భృతి అందని సుమారు 1,000 మందిని కూడా అధ్యయనంలో ఉంచి, రెండు వర్గాల జీవితాలనూ పోల్చి చూశారు. అందుకు లాటరీ తప్పనిసరి. ప్రతిభను బట్టి ఎంచుకుని ఉంటే, తర్వాత కనిపించిన మార్పు డబ్బు వల్ల వచ్చిందా, ప్రతిభ వల్ల వచ్చిందా అన్నది ఎవరూ తేల్చలేకపోయేవారు. లాటరీకి ముందు వడపోత లేకపోలేదు. కళాకారుల సంఘంలో సభ్యత్వం, కళ ద్వారా వచ్చిన ఆదాయం, చేస్తున్న పనికి దాఖలాలు, ఈ మూడింటిలో రెండు చూపాలి. పని బాగుందా లేదా అని మాత్రం ఎవరూ తీర్పు చెప్పలేదు. నా దృష్టిలో ఈ పథకంలోని అసలు ధైర్యం అక్కడే ఉంది, ఎందుకంటే తీర్పు చెప్పే కమిటీ ఒకటి ఏర్పడిన మరుక్షణం దాని చుట్టూ సిఫార్సులు మొలుస్తాయి.

లెక్కల మాస్టారు:
పైవారి మాటతో సగమే ఏకీభవిస్తాను. పెట్టిన ప్రతి యూరోకూ సమాజానికి 1.39 యూరోల ప్రయోజనం చేకూరిందని 2025లో వెలువడిన విశ్లేషణను అందరూ ఉదహరిస్తున్నారు. అయితే ఆ ప్రయోజనంలో పెద్ద భాగం కళాకారుల మానసిక క్షేమానికి డబ్బు రూపంలో కట్టిన విలువ. అది అబద్ధమని అనను గానీ, ఖజానాకు తిరిగి వచ్చిన సొమ్ము అనుకుంటే పొరపాటే. పైగా ఈ భృతిని ఆదాయంగా లెక్కించడం వల్ల, ఆదాయ పరిమితికి లోబడి వైకల్య భత్యం పొందుతున్న కళాకారులకు ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్లయింది. అన్నట్టు, ఏడాదికి 16,900 యూరోలంటే అక్కడ పూర్తికాలం పనిచేసే వ్యక్తికి దక్కే కనీస వేతనం కన్నా తక్కువ. దానితో ఎవరూ కాలు మీద కాలు వేసుకుని కూర్చోలేరు.

తోలుబొమ్మ:
ప్రశ్నలో లేకపోయినా మన సంగతి ఒక్క మాట. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది, కానీ 50 ఏళ్లు దాటాలి. కేంద్రం వృద్ధ కళాకారులకు ఇచ్చే సాయానికి 60 ఏళ్లు నిండాలి. అంటే చేతిలో సత్తువ ఉన్నన్నాళ్లూ కూలికి పోయి, అది తగ్గాక కళాకారుడిగా గుర్తింపు పొందాలన్నమాట. తెలంగాణ సాంస్కృతిక సారథి ఇందుకు భిన్నంగా, పాడగలిగే వయసులోనే వందలాది మందికి జీతాలిచ్చింది. అయితే అది ప్రభుత్వ పథకాలను ఊరూరా ప్రచారం చేసే ఉద్యోగం. ఏం పాడాలో చెప్పకుండా, పాడే వయసులోనే ఇవ్వడం ఐర్లండ్ పద్ధతి. ఆ రెండూ కలిసిన పథకం మన దగ్గర నాకు కనిపించలేదు.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. ప్రయోగానికి లాటరీ అవసరమన్న వాదన ఒప్పుకుంటున్నాను. అయితే 2025 అక్టోబరు బడ్జెట్‌లో ఈ పథకాన్ని శాశ్వతం చేస్తామని ప్రకటించారు కదా, ఇక పోల్చి చూడవలసిన అవసరం తీరిపోయాక కూడా లాటరీనే కొనసాగిస్తే దానికి మిగిలే సమర్థన కమిటీల మీద అపనమ్మకం ఒక్కటేనా? లిఫీ తీరం గారు దీనికి జవాబు చెబితే బాగుంటుంది.

లిఫీ తీరం:
అదొక్కటే కాదండీ. సీట్లు తక్కువ, అర్హులు ఎక్కువ అన్న ఇబ్బంది శాశ్వత పథకంలోనూ ఉంటుంది. లాటరీలో పేరు రానివాడు తన అదృష్టాన్ని తిట్టుకుంటాడు; కమిటీ తిరస్కరించినవాడు తన కళనే అనుమానిస్తాడు.