డేటావర్స్: కొత్త రోల్ ఇచ్చినా పక్క బ్రాంచి కంప్లయింట్లు కనిపిస్తూనే ఉన్నాయి

బ్రాంచిబాబు:
నమస్కారం. పవర్ యాప్స్‌లో (మైక్రోసాఫ్ట్ వాళ్ల యాప్‌లు కట్టే సాధనం) ఏసీ సర్వీసింగ్ కంప్లయింట్ల కోసం మోడల్ డ్రివెన్ యాప్, అంటే టేబుళ్ల మీద కట్టే యాప్ ఉంది, డేటా అంతా దాని డేటాబేస్ అయిన డేటావర్స్‌లో. హెడ్ ఆఫీసు రూట్ బిజినెస్ యూనిట్, అంటే అన్నిటికీ పైనున్న విభాగం. దాని కింద విజయవాడ, గుంటూరు, వరంగల్, ఒక్కో బ్రాంచికి ఒక్కో యూనిట్. మూడు సమస్యల దగ్గర ఆగిపోయాం.

ఒకటి, అందరికీ మొదటి నుంచీ ‘స్టాఫ్’ అనే రోల్ (హక్కుల కట్ట) ఉంది. టెక్నీషియన్లను కట్టడి చేయడానికి కంప్లయింట్ టేబుల్ రీడ్‌ని (చూసే హక్కుని) బిజినెస్ యూనిట్ స్థాయికి, అంటే సొంత బ్రాంచి వరకే పెట్టి ‘టెక్నీషియన్’ రోల్ అదనంగా ఇచ్చాం. అయినా గుంటూరు కుర్రాడికి వరంగల్‌వి కనిపిస్తున్నాయి.

రెండు, కొత్త కంప్లయింట్‌లో కస్టమర్‌ని ఎంచుకుని సేవ్ కొడితే ఎర్రర్. కస్టమర్ ఖాళీగా వదిలేస్తే సేవ్ అవుతోంది.

మూడు, బిల్లు ఎంతో చూపే కాలమ్‌ని ఫారంలో దాచాం, ఎక్సెల్‌కి ఎక్స్‌పోర్ట్ చేస్తే బయటపడుతోంది.

రోల్‌కాల్:
మొదటిదానికి జవాబు మీ ప్రశ్నలోనే ఉందండీ. ‘కట్టడి చేయడానికి అదనంగా’ అన్నారు. డేటావర్స్‌లో రోల్ అనేది ఇవ్వడమే తప్ప లాక్కోవడం ఉండదు. ఒక మనిషికి ఉన్న రోల్స్ అన్నీ, అతను సభ్యుడిగా ఉన్న టీముల రోల్స్ అన్నీ కలిపి, వాటిలో ఏది ఎక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. ‘వద్దు’ అని చెప్పే రోల్ లేనే లేదు. మీ ‘స్టాఫ్’ రోల్‌లో కంప్లయింట్ రీడ్ ఆర్గనైజేషన్ స్థాయిలో, అంటే అన్ని బ్రాంచీలవీ కనిపించేలా ఉండి ఉంటుంది. అది ఉన్నంత కాలం టెక్నీషియన్ రోల్ ఎంత బిగించినా దండగే.

ఊహించనక్కర్లేదు, చూసుకోవచ్చు. ఒక వరంగల్ కంప్లయింట్ తెరిచి పైన కమాండ్ బార్‌లో ‘చెక్ యాక్సెస్’ నొక్కండి. అడ్మిన్‌గా ఉంటే గుంటూరు యూజర్‌ని ఎంచుకోవచ్చు. ఆ రికార్డు మీద అతనికి ఏ హక్కు ఏ దారిన వచ్చిందో, అంటే రోలా, టీమా, షేర్ చేయడం వల్లా అన్నది అక్కడే తెలుస్తుంది. తర్వాత ‘స్టాఫ్’ రోల్‌లో కంప్లయింట్ రీడ్ పూర్తిగా తీసేయండి. ఉమ్మడి రోల్‌లో అందరికీ నిజంగా కావాల్సినవే ఉండాలి. పని వివరాల టేబుళ్లన్నీ ఉద్యోగాన్ని బట్టి ఇచ్చే రోల్స్‌లోకి వెళ్లాలి.

పరీక్షించేటప్పుడు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఖాతా వాడొద్దు, దానికి అన్నీ కనిపిస్తాయి. టెక్నీషియన్ రోల్స్ మాత్రమే ఉన్న టెస్ట్ ఖాతాతో ఇన్‌ప్రైవేట్ విండోలో చూడండి.

నిడదవోలు_నెట్:
రెండోది అపెండ్, అపెండ్ టు అనే రెండు హక్కుల గొడవ. ఒక రికార్డుని ఇంకో రికార్డుకి తగిలించాలంటే రెండు వైపులా అనుమతి కావాలి. తగులుకునే కంప్లయింట్ మీద అపెండ్, తగిలించుకునే కస్టమర్ మీద అపెండ్ టు. కస్టమర్ ఖాళీగా ఉంటే తగిలించే పనే లేదు కాబట్టి సేవ్ అయిపోతోంది. ఎర్రర్‌లో వివరాలు తెరిస్తే పీఆర్‌వీ (prv) అక్షరాలతో మొదలయ్యే ప్రివిలేజ్ (హక్కు) పేరు ఉంటుంది. ఏది లేదో ఆ పేరులోనే ఉంటుంది.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి స్థాయి దగ్గర బోల్తా పడతారు. కస్టమర్ మీద అపెండ్ టు యూజర్ స్థాయిలో ఇస్తే, ఆ టెక్నీషియన్ సొంత కస్టమర్లకే పని చేస్తుంది. కస్టమర్ రికార్డు మేనేజర్ పేరు మీద ఉంటే మళ్లీ అదే ఎర్రర్. రీడ్, అపెండ్ టు రెండూ కనీసం బిజినెస్ యూనిట్ స్థాయిలో పెట్టండి. రైట్ (రికార్డుని మార్చే హక్కు) అక్కర్లేదు.

బ్రాంచిబాబు:
కస్టమర్ సంగతి తేలిపోయింది, ధన్యవాదాలు. కానీ ‘స్టాఫ్’లో రీడ్ తీసేశాక కొత్త తలనొప్పి. టెక్నీషియన్ల లిస్టు దాదాపు ఖాళీ! వాళ్ల సొంత బ్రాంచి కంప్లయింట్లు కూడా రావడం లేదు. ఫోన్లో వచ్చిన కంప్లయింట్లు ఎక్కించేది హెడ్ ఆఫీసు డెస్కు వాళ్లు. ఫారంలో బ్రాంచి కాలమ్ మాత్రం సరిగ్గానే నింపుతున్నారు.

రోల్‌కాల్:
అదే కారణం. మీ బ్రాంచి కాలమ్ మీరు పెట్టుకున్న సమాచారం, డేటావర్స్ దాన్ని చూసి అనుమతి ఇవ్వదు. అది చూసేది ఓనర్‌ని, ఓనర్‌తో పాటు వచ్చే ఓనింగ్ బిజినెస్ యూనిట్‌ని. డెస్కు మనిషి ఎక్కించిన కంప్లయింట్‌కి ఓనర్ అతనే, యూనిట్ రూట్. గుంటూరు యూనిట్ స్థాయి రీడ్‌కి అది ఎలా దొరుకుతుంది? ఇన్నాళ్లూ ఆర్గనైజేషన్ రీడ్ ఈ లోపాన్ని కప్పిపెట్టింది.

బ్రాంచికో ఓనర్ టీమ్ పెట్టండి, ఆ టీమ్ ఆ బ్రాంచి బిజినెస్ యూనిట్‌లోనే ఉండాలి. టీమ్‌కి కంప్లయింట్ రీడ్ ఉన్న రోల్ ఇవ్వండి, లేకపోతే దాన్ని ఓనర్‌గా పెట్టనివ్వదు. కంప్లయింట్ ఎక్కగానే బ్రాంచి కాలమ్ చూసి ఓనర్‌ని ఆ టీమ్‌కి మార్చే పవర్ ఆటోమేట్ ఫ్లో (తనంతట తానే నడిచే పని) ఒకటి రాయండి. ఫ్లో ఏ ఖాతా పేరు మీద నడుస్తుందో ఆ కనెక్షన్ ఖాతాకి కంప్లయింట్ మీద అసైన్ (ఓనర్‌ని మార్చే) హక్కు ఉండాలి, అదీ రూట్ యూనిట్ రికార్డుల మీద కూడా చెల్లే స్థాయిలో. పాత రికార్డులకి ఒకసారి బల్క్‌గా అసైన్ చేయాలి.

ఓనర్ మారగానే డెస్కు వాళ్ల కళ్ల ముందు నుంచి ఆ కంప్లయింట్ మాయమవుతుంది, గోల మొదలవుతుంది. వాళ్ల రోల్‌కి రీడ్ ‘పేరెంట్: చైల్డ్’ స్థాయిలో ముందే ఇచ్చేయండి. రూట్‌లో ఉన్నారు కాబట్టి కింది మూడు బ్రాంచీలూ వస్తాయి.

నిడదవోలు_నెట్:
ఇదంతా కంప్లయింట్ టేబుల్ ఓనర్‌షిప్ ‘యూజర్ ఆర్ టీమ్’ అయితేనే. ఆర్గనైజేషన్ అని పెట్టి ఉంటే రోల్‌లో రెండే స్థాయిలు వస్తాయి, ఏమీ లేకపోవడం లేదా అన్నీ కనిపించడం. ఓనర్‌షిప్ ఏదన్నది టేబుల్ కట్టేటప్పుడే ఆలోచించుకోవాలి. 

బ్రాంచిబాబు:
అదృష్టం, ‘యూజర్ ఆర్ టీమ్’ అనే ఉంది. విడిభాగాల ధరల టేబుల్ మాత్రం ఆర్గనైజేషన్, అది అందరూ చూడాల్సిందే. ఇక మిగిలింది బిల్లు.

కాలమ్‌కాపలా:
ఫారంలో దాచడం కర్టెన్ వేయడం లాంటిది. ఎక్సెల్, వ్యూలు (లిస్టులు), వెబ్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు డేటా తీసుకునే దారి) ఆ కర్టెన్ వైపు కూడా చూడవు. కాన్వాస్ యాప్‌లో (స్క్రీన్లు మనమే గీసుకునే రకం) విజిబుల్ ప్రాపర్టీకి ఫార్ములా రాసినా అంతే.

కాలమ్ సెక్యూరిటీ పెట్టాలి. బిల్లు కాలమ్ తెరిచి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘ఎనేబుల్ కాలమ్ సెక్యూరిటీ’ టిక్ చేయండి. తర్వాత అడ్మిన్ సెంటర్‌లో మీ ఎన్విరాన్‌మెంట్ (యాప్, డేటా ఉండే చోటు) సెట్టింగ్స్, యూజర్స్ ప్లస్ పర్మిషన్స్ కింద కాలమ్ సెక్యూరిటీ ప్రొఫైల్ చేసి, ఆ కాలమ్‌కి రీడ్, అప్‌డేట్, క్రియేట్ ‘అలౌడ్’ పెట్టి, అకౌంట్స్ టీమ్‌ని అందులో చేర్చండి. టిక్ చేసిన క్షణం నుంచి ప్రొఫైల్ కుదిరేదాకా అడ్మిన్లకి తప్ప ఎవరికీ బిల్లు కనిపించదు, కాబట్టి ఆఫీసు వేళయ్యాక చేయండి.

మర్చిపోయేవి రెండు. బిల్లు చదివే ఫ్లో ఖాతా కూడా ప్రొఫైల్‌లో ఉండాలి, లేకపోతే ఎర్రర్ రాదు, విలువ ఖాళీగా వస్తుంది, కస్టమర్‌కి మొత్తం లేని మెయిల్ వెళ్తుంది. రెండోది, జీఎస్టీతో కలిపి మొత్తం చూపే కాలిక్యులేటెడ్ కాలమ్ ఏదైనా ఉందా? బిల్లుకి తాళం వేసినా దాని మీద కట్టిన లెక్క తాళం లేకుండానే కనిపిస్తుంది. దానికీ విడిగా సెక్యూరిటీ పెట్టాలి.

బ్రాంచిబాబు:
ఉందండీ. ‘పన్నుతో మొత్తం’ అని లిస్ట్ వ్యూలోనే ఉంది. ఈ రాత్రికి రెండింటికీ కలిపి పెడతాను.

కాలమ్‌కాపలా:
టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ నుంచి ప్రొడక్షన్‌కి (అసలు వాడే చోటికి) సొల్యూషన్‌గా, అంటే యాప్ భాగాల ప్యాకేజీగా పంపేటట్టయితే, రోల్స్, ప్రొఫైల్స్ దాంతో వెళ్తాయి. టీములు, బిజినెస్ యూనిట్లు, ప్రొఫైల్‌లో ఎవరున్నారన్నది వెళ్లవు. అవి అక్కడ చేత్తో పెట్టుకోవాలి. కాబట్టి టిక్ ఉన్న సొల్యూషన్ ఇంపోర్ట్ చేసిన వెంటనే అకౌంట్స్ టీమ్‌ని ప్రొఫైల్‌లో చేర్చండి, లేదంటే పొద్దున్నే మొదటి ఫోన్ వాళ్ల దగ్గర్నుంచే.