డీజిల్ టైమింగ్ బెల్ట్‌కి పెయింట్ గీతలు చాలా, లాక్ పిన్నులు పెట్టాల్సిందేనా?

బోయిన్‌పల్లి_డస్టర్:
నాది 1.5 డీసీఐ (రెనో డీజిల్ ఇంజన్) డస్టర్, క్రాంక్‌నీ (పిస్టన్లతో తిరిగే షాఫ్ట్) క్యామ్‌నీ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్) కలిపి తిప్పే టైమింగ్ బెల్ట్ మార్చే టైమొచ్చింది. ఆ రెండిటినీ సరైన చోట నిలిపి ఉంచే లాక్ పిన్నులేం అక్కర్లేదంటున్నాడు మా వీధి మెకానిక్ అన్న. పాత బెల్ట్ మీద, పుల్లీల మీద వైట్ మార్కర్‌తో గీతలు పెట్టి, గీతకీ గీతకీ మధ్య పళ్ళు లెక్కపెట్టి, అవే కొత్త బెల్ట్ మీద దించుకుంటాడట. 20 ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాడు. ఒప్పుకోమంటారా?

పానా_పట్టినోడు:
ఒప్పుకో అన్నా. నేనూ అలాగే చేస్తా, ఒక్క బండీ తిరిగి రాలేదు. పళ్ళు పళ్ళకి సరిపోతే టైమింగ్ ఎక్కడికి పోతుంది?

రాణిగంజ్_డీజిల్:
పోతుంది అన్నా. గీతలు పెట్టామంటే పాత టైమింగ్‌ని కాపీ కొడుతున్నట్టే. ఆ పాతది కరెక్టని ఎవరు చెప్పారు? మూడేళ్ళ కింద నా బండికి ఒక షెడ్డులో ఇలాగే గీతలతో బెల్ట్ వేశారు. అంతకుముందు వేసినవాడు ఒక పన్ను తప్పు వేసి ఉన్నాడు, అదే తప్పు కొత్త బెల్ట్ మీదికీ వచ్చింది. పొద్దున సెల్ఫ్ కొడితే ఎంతసేపటికో గానీ అందుకునేది కాదు, పికప్ లేదు, పొగ. ఇంజెక్టర్ల మీద అనుమానంతో రెండు నెలలు తిరిగాను. చివరికి ఇంకో మెకానిక్ క్యామ్ పిన్ పెట్టబోతే రంధ్రం అంచు దగ్గరే ఆగిపోయింది, అప్పుడు బయటపడింది. ఒక్క పన్నే కదా అనకండి. క్రాంక్ పుల్లీకి 20 పళ్ళుంటే ఒక పన్ను అంటే 18 డిగ్రీలు. డీజిల్‌లో కంప్రెషన్ ఎక్కువ, పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వుకి మిగిలే సందు చాలా తక్కువ. ఇంకొంచెం జరిగితే వాల్వులు వంగి హెడ్ దించాల్సొచ్చేది.

ఇంకోటి, కొన్ని ఇంజన్లలో క్యామ్ పుల్లీకి కీ (షాఫ్ట్ మీద జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క) ఉండదు, బోల్ట్ బిగింపు మీదే నిలబడుతుంది. ఆ బోల్ట్ వదులు చేశాక పుల్లీ మీది గీతకి అర్థమే లేదు.

పానా_పట్టినోడు:
పాత పంపు బండ్లకైతే సరే అనేవాణ్ణి, అక్కడ పంపు కూడా టైమింగ్‌లో కూర్చోవాలి. మీ డీసీఐ లాంటి కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ప్రెషర్ పైపు ఉండేది) పంపు ప్రెషర్ మాత్రమే ఇస్తుంది, డీజిల్ ఎప్పుడు కొట్టాలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) చూసుకుంటుంది. ఇంత భయమెందుకు?

రాణిగంజ్_డీజిల్:
పంపు సంగతి చాలావరకు నిజమే. కానీ వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో ఈసీయూ చేతిలో లేదు కదా, అది క్రాంక్‌కీ క్యామ్‌కీ మధ్య బెల్ట్ పెట్టే లెక్క. మీ గీతలు వద్దనట్లేదు, పెట్టుకోండి, పిన్నులు కూడా పెట్టండి అంటున్నా. డీసీఐలో క్రాంక్ పిన్‌ని బ్లాక్‌లో బిగించి, క్రాంక్‌ని మెల్లగా తిప్పుతూ వచ్చి దానికి ఆనించాలి. క్యామ్ పిన్ పుల్లీ రంధ్రంలోంచి హెడ్‌లోకి చేత్తోనే జారాలి, సుత్తితో కొట్టాల్సొచ్చిందంటే అక్కడే ఆగండి. ఆ పిన్నుల ఆధారంగా క్రాంక్ బోల్ట్ మాత్రం విప్పొద్దు, పిన్ను వంగుతుంది. బెల్ట్ ఎక్కించి, టెన్షనర్ (బెల్ట్ బిగువు పట్టే పుల్లీ) సెట్ చేసి, పిన్నులు తీసేసి, పానాతో చేత్తో క్రాంక్‌ని రెండు పూర్తి రౌండ్లు తిప్పండి. సెల్ఫ్‌తో వద్దు, ఎక్కడైనా తగిలితే చేతికి తెలియాలి. మళ్ళీ పిన్నులు సాఫీగా దిగాలి. బెల్ట్ మీది గీతలు మాత్రం ఆ రెండు రౌండ్లకి మళ్ళీ కలవవు, బెల్ట్ చుట్టు పెద్దది కాబట్టి. అది చూసి కంగారుపడి బెల్ట్ పీకేసినవాళ్ళని చూశాను.

పానా_పట్టినోడు:
రెండు రౌండ్ల మాటకి ఒప్పుకుంటా, అది నేనూ మానను. పిన్నులు మాత్రం బండికో సెట్ కొనాలి, చిన్న షెడ్డువాడికి ఎలా కుదురుతుంది?

రాణిగంజ్_డీజిల్:
రోజూ వచ్చే రెండు మూడు ఇంజన్లకి కొనండి చాలు. హెడ్ దించే ఖర్చు ముందు అదెంత?

బోయిన్‌పల్లి_డస్టర్:
అన్నకి చదివి వినిపించాను. పిన్నుల సెట్ నేనే కొనిస్తానంటే సరేనన్నాడు. ఆదివారం పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడతాం. టెన్షనర్, వాటర్ పంపు కూడా బెల్ట్‌తోపాటే మార్చేస్తున్నా.